పద్దెనిమిది పనులు చేస్తానన్న పార

మడత పారల మీద వచ్చే వీడియోలన్నీ దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. ఒకాయన కెమెరా ముందు పారని విదిలించి తెరుస్తాడు. కర్ర నరుకుతాడు, పక్కకి తిప్పి కొమ్మ కోస్తాడు, మేకు కొడతాడు, సీసా మూత తీస్తాడు, నట్టు తిప్పుతాడు. చివర్లో దూరంగా నిలబెట్టిన చెక్కలోకి విసిరి గుచ్చుతాడు. ఇన్ని చేసినవాడు గొయ్యి మాత్రం తవ్వడు. తవ్వినా మెత్తటి మట్టి రెండు పారలెత్తి పక్కన పోసి ఊరుకుంటాడు. రాళ్ళూ వేర్లూ ఉన్న గట్టి నేలలో మోకాలి లోతు గొయ్యి మొదలుపెట్టి పూర్తిచేసే ఓపిక ఆ వీడియోల్లో అరుదు.

సైన్యం పేరు చెప్పి అమ్మే ఈ బహుళార్థసాధక పారల్లో పారకి విలువుంది, బహుళార్థానికి లేదు. లేకపోతే పోనీ, వాడకుండా వదిలేద్దామనుకుంటే అదీ కుదరదు. ఆ రెండోది మొదటిదాన్ని తినేస్తుంది. అదెలాగో చెప్పాలంటే పార పొట్టిదనం దగ్గర మొదలుపెట్టాలి.

1869లో లిన్నెమన్ అనే డెన్మార్క్ సైన్యాధికారి, కాల్బలంలో ప్రతి సిపాయీ నడుముకి తగిలించుకుని మోసుకుపోగల చిన్న పారని రూపొందించాడు. అప్పటికి తుపాకుల వేగమూ దూరమూ బాగా పెరిగాయి. పెద్ద పారలు బళ్ళ మీద వెనకాల వచ్చేదాకా మైదానంలో నిలబడి ఉండే రోజులు పోయాయి. తల మీదుగా తూటాలు పోతుంటే బోర్లా పడుకుని, ఒక పక్కకి ఒరిగి, ముందు తలకి అడ్డంగా ఇంత మట్టి, ఆ తర్వాత ఒళ్ళు పట్టేంత గుంట చేసుకోవాలి. పడుకుని తవ్వేవాడికి పొడుగు పిడి అడ్డమే తప్ప సాయం కాదు. అందుకే పార పొట్టిదైంది. ఇదే నమూనా రష్యన్ల చేతిలో ఎంపీఎల్-50 అయింది. ఆ 50 దాని మొత్తం పొడవు, సెంటీమీటర్లలో. గుంట లోతు కొలుచుకోవడానికి కూడా అదే కొలబద్ద. చెక్క పిడి, ఉక్కు రేకు, రెంటినీ కలిపే రివెట్లు. దానికి కీలు లేదు, మర లేదు. వందేళ్ళు దాటినా ఇంకా వాడుతూనే ఉన్నారు. సైన్యాలు వాడిన చిన్న పారల్లో బహుశా ఎక్కువ పేరు తెచ్చుకున్నదీ, ఎక్కువ కాలం నిలిచిందీ మడతపడని పారేనన్న మాట ఆ వీడియోల్లో వినపడదు.

అడవికో కొండకో వెళ్ళే మన మీద ఎవరూ కాల్పులు జరపరు. నిలబడి తవ్వచ్చు. నిలబడి తవ్వేవాడికి పొడుగు పిడి వరం. కాలితో రేకు మీద తొక్కి ఒంటి బరువంతా వేసెయ్యచ్చు. పిడి చివర కొద్దిగా నొక్కితే చాలు, పెద్ద పెళ్ళ దానంతటదే లేస్తుంది. అరవై సెంటీమీటర్ల పారతో ఈ సుఖమేమీ ఉండదు. మోకాళ్ళ మీద కూర్చోవాలి, తొక్కే వీలుండదు కాబట్టి భుజాల బలంతోనే పొడవాలి, ఎత్తిన మట్టిని నడుము తిప్పి పక్కన పొయ్యాలి. కాసేపటికే నొప్పి అరచేతుల్లోంచి భుజాల్లోకి ఎక్కుతుంది. సిపాయికి ప్రాణం నిలబెట్టిన పొట్టిదనం మనకి సంచిలో పట్టడానికే పనికొస్తుంది. అది చిన్న లాభం కాదు, ఒప్పుకుంటాను. కానీ లాభం అదొక్కటే.

మడత సంగతి తర్వాత వచ్చింది. జర్మన్లు 1938లో మడత పార ప్రవేశపెట్టారు. అమెరికన్లు అంతవరకూ 1910 నాటి, టీ ఆకారపు పిడి ఉన్న పారని వాడేవారు. జర్మన్ పారని చూసి 1943లో తమ మడత పార చేసుకున్నారు. 1967లో మూడు మడతలుగా ముడుచుకునే తేలిక రకం వచ్చింది. ఇవాళ దొరికే మడత పారల్లో చాలావాటికి ఇదే మూలం. పిడి చివర చెయ్యి పట్టే త్రికోణం, మెడ దగ్గర తిప్పి బిగించే నట్టు, సుమారు కిలో పైచిలుకు బరువు. ఇవన్నీ తవ్వడానికే పుట్టిన పారలు. మడత వల్ల వాటికి వచ్చిన అదనపు గుణం ఒక్కటే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

చైనా సైన్యం పారగా పేరుపడిన డబ్ల్యూజేక్యూ-308 మాత్రం ఇంకో జాతిది. పార, రంపం, గొడ్డలి, సుత్తి, తీగ కత్తెర, డబ్బా మూత తీసేది, నట్టు తిప్పేది, అవసరమైతే తెడ్డు కూడా. ఆ జాబితా చూసి, దానికి ఎన్నో వంతు బలమూ లేని నకళ్ళు వందల రకాలు పుట్టుకొచ్చాయి. పన్నెండు పనులు, పద్దెనిమిది పనులు, ఇరవై మూడు పనులు అంటూ వేలం పాటలా అంకె పెంచుకుంటూ పోయారు. గొట్టం పిడి లోపల చిన్న కత్తి, నిప్పురవ్వలు పుట్టించే పుల్ల, ఈల, చివర మూతలో బొత్తాం అంత దిక్సూచి. ఈ దిక్సూచి గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. దిక్సూచి ముల్లు అయస్కాంతం. దాన్ని ఉక్కు పార కొసన బిగించి ఉత్తరం చూపించమంటున్నారు. ముల్లు ఉత్తరాన్ని వదిలి పార ఉన్న వైపు మొగ్గితే దాని తప్పేముంది?

ఒకే వస్తువుతో రెండు పనులు చేయించాలన్న ఆశ సైన్యాలకీ పుట్టింది, వాటికీ దెబ్బతగిలింది. మొదటి ప్రపంచయుద్ధం మొదట్లో కెనడా రక్షణమంత్రి శామ్ హ్యూస్ పాతికవేల పారలు కొనిపించాడు. ఆయన కార్యదర్శి ఈనా మకాడమ్ పేరు మీద వాటికి పేటెంటు ఉంది. ఆ పార రేకుకి ఒక రంధ్రం ఉంటుంది. నేలలో గుచ్చి నిలబెడితే కవచం, రంధ్రంలోంచి తుపాకి పెట్టి కాల్చచ్చు, తీసి తవ్వితే పార. అలా అనుకున్నారు. తీరా చూస్తే రేకు తూటాని ఆపలేదు. కవచంగా ఉండాలని మందం పెంచారు కాబట్టి మోయడానికి బరువు. తుపాకికి దారి వదిలారు కాబట్టి ఎత్తిన మట్టి ఆ కన్నంలోంచి జారిపోయేది. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే. చివరికి పాత ఇనుము కింద అమ్మేశారు. ఆ తర్వాత రెండో ప్రపంచయుద్ధం నాటికి సోవియట్ సైన్యం 37 మిల్లీమీటర్ల చిన్న మోర్టారునీ, అంటే గుండుని పైకెత్తి దూరంగా విసిరే గొట్టాన్నీ, పారనీ కలిపేసింది. గొట్టమే పిడి, రేకే మోర్టారు కింద ఆనే పీట. గురి చూసుకునే పరికరం లేదు, గుండుకి సరిపడా బలం లేదు. 1942 కల్లా దాన్నీ పక్కన పెట్టారు. రెండు చోట్లా కథ ఒకటే. రెండో పని కోసం చేసిన మార్పు మొదటి పనిని పాడుచేసింది, రెండో పనీ కుదరలేదు.

మన చేతిలోని పారలో ఈ పాడు జరిగేది రెండు చోట్ల. ఒకటి కీలు, రెండోది అంచు.

మడత పారని నేలలో దించి, మట్టి పెళ్ళని లేపడానికి పిడిని వెనక్కి నొక్కుతామనుకోండి. పిడి చివర ఇరవై కిలోల బలం వేశాం, కీలు అక్కడికి నలభై సెంటీమీటర్ల దూరంలో ఉంది. కీలు లోపల రేకుని కదలకుండా పట్టి ఉంచే తాళం, ఇరుసు నుంచి మహా అయితే రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. నలభైకి రెండు, అంటే ఇరవై రెట్లు. చేత్తో వేసిన ఇరవై కిలోలు తాళం దగ్గరికొచ్చేసరికి నాలుగువందల కిలోలు. ఒక మామూలు పెళ్ళ లేపడానికే ఇంత. అడుగున రాయో వేరో తగిలి, మనం పంతం పట్టి పిడి మీదకి ఎగబడితే ఇంకెంతో. ఈ భారమంతా మోసేది వేలెడంత లోహపు ముక్క. అది సుత్తితో సాగగొట్టిన ఉక్కయితే వంగుతుంది, సరిచేసుకోవచ్చు. చవక రకాల్లో అది జింకు మిశ్రమం పోత. వంగడం దానికి తెలియదు, పుటుక్కున విరుగుతుంది. విరిగినచోట చూస్తే మెరుపు లేని బూడిద రంగు గరుకు, పంచదార పలుకుల్లా ఉంటుంది. దాన్ని అతికే మంత్రం అడవిలో ఉండదు.

నేను వాడిన రకాల్లో ఒకటి మరలతో బిగించే గొట్టాల పిడిది. మూడు గొట్టాలు, ఒక్కోదానికి రెండు కొసలా థ్రెడ్లు. లోపల సామాను దాచుకోవడానికి గొట్టం బోలుగా ఉండాలి. బోలు గొట్టానికి థ్రెడ్ కోస్తే ఆ చోట గోడ మందం బాగా తగ్గిపోతుంది. ఎక్కువ బలం పడే చోటే లోహం తక్కువ. కొత్తలో గట్టిగానే ఉంటుంది. తడి ఇసుకలో ఒక సాయంత్రం తవ్వాక దాన్ని విప్పడానికి కూర్చున్నాను. ఇసుక రేణువులు థ్రెడ్ల మధ్య దూరి కరకరమంటూ, ప్రతి తిప్పుకీ పళ్ళు జివ్వుమనేలా అరుస్తూ, సగంలో బిగుసుకుపోయింది. నీళ్ళు పోశాను, గుడ్డ చుట్టి తిప్పాను, మెల్లగా తట్టాను. ఊడివచ్చాక వేలితో తడిమితే థ్రెడ్ అంచులు అప్పటికే గుండ్రబడ్డాయి. మర్నాటి నుంచి ఎంత బిగించినా పిడి కొద్దిగా ఆడుతూనే ఉంది. ఆడే పిడి చర్మాన్ని రాస్తుంది, బొటనవేలి మొదట్లో బొబ్బ వస్తుంది. లోపలున్న కత్తి, ఈల బయటికి తీసిన సందర్భం మాత్రం ఒక్కటీ గుర్తులేదు. అవి తీయాలంటే ముందు పారని విప్పాలి మరి. అంధకారంలో, వానలో, వణికే చేతులతో ఆ పని చెయ్యగలిగినవాడికి అసలు ఆ ఈలే అక్కర్లేదేమో.

ఇక అంచు. మట్టిలో ఇసుక ఉంటుంది, ఇసుకలో ఎక్కువ భాగం స్ఫటికశిల (క్వార్ట్జ్). ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా చెప్పే మోస్ కొలతలో దానిది 7. పారకి వాడే ఉక్కు అంతకంటే మెత్తన. అంటే ప్రతి పోటుకీ మట్టే ఉక్కుని అరగదీస్తుంది. ఉదయం ఆకురాయితో గొడ్డలి అంచు పట్టి, మధ్యాహ్నం తవ్వి, సాయంత్రం కర్ర నరకబోతే ఆ పదును మిగలదు. పదును నిలవాలని ఉక్కుని బాగా గట్టిపరిస్తే పెళుసుబారుతుంది, మొదటి రాయికే అంచు పెచ్చులూడుతుంది. రాయిని తట్టుకోవాలని మెత్తగా వదిలితే కొయ్య నరకదు. కత్తికి ఒక గట్టిదనం కావాలి, పారకి ఒకటి కావాలి. ఒకే రేకు ఆ రెండూ కాలేదు. కంపెనీలు రాసుకునే మాంగనీసు ఉక్కు, యుద్ధవిమానాల అల్యూమినియం లాంటి మాటలు ఈ చిక్కుని విప్పలేవు.

అది చాలదన్నట్టు రేకు ఆకారం కూడా అడ్డమే. గొడ్డలి తల బరువు ముద్ద, చీలిక ఆకారంలో ఉంటుంది. బరువు దిగబడుతుంది, చీలిక కొయ్యని రెండు వైపులకీ నెడుతుంది. పార రేకు పలచన, పైగా మట్టి నిలవాలని దోసిలిలా వంపు. కొయ్యలోకి దిగాక ఆ వంపే పట్టేసుకుంటుంది. మణికట్టు లావు ఎండుకొమ్మని నరకచ్చు, కాదనను. కానీ ఆ ప్రతి దెబ్బా ఇందాక చెప్పిన కీలు మీదే పడుతుంది. గట్టిగా తగిలిన నాలుగు దెబ్బలకి బిగింపు నట్టు వదులవుతుంది, మళ్ళీ బిగించాలి, మళ్ళీ నరకాలి. నరుకుడు కోసం కీలుని అరగదీసుకుని, రేపు తవ్వడానికి దేన్ని నమ్మాలి?

రంపం గురించి ఎక్కువ చెప్పను. మంచి రంపం పళ్ళు ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వంచి ఉంటాయి, కోత రేకు కంటే వెడల్పుగా తెగాలని. పార పక్కన కోసిన పళ్ళకి ఆ వంపు ఉండదు, రేకేమో రెండు మిల్లీమీటర్లో అంతకు మించో మందం. అంగుళం లోతు దిగగానే ఇరుక్కుంటుంది. దీనికన్నా అసలు ఇబ్బంది వేరు. ఆ పళ్ళు తవ్వేటప్పుడు వేర్లకి తట్టుకుంటాయి, తడి బంకమట్టిని పట్టుకుని వదలవు, రేకు మీద మట్టి తుడవబోయిన వేళ్ళని గీరేస్తాయి.

మెచ్చుకోవలసింది కూడా ఉంది. మడత పారని తొంభై డిగ్రీల దగ్గర ఆపి బిగించండి. నిటారుగా ఉన్నప్పుడు పొడవడానికి చాలని పొట్టి పిడి, ఇప్పుడు ఎత్తి దించి లాగడానికి సరిగ్గా సరిపోతుంది. రేకు బరువు దానంతటదే నేలలోకి దిగుతుంది, మనం మన వైపుకి లాగితే చాలు. పొలం పని చేసినవాళ్ళెవరికైనా ఆ కదలిక వెంటనే చేతికొచ్చేస్తుంది. గుడారం వేసే చోట నేల చదును చెయ్యడం, వాననీరు పోవడానికి కాలవ తియ్యడం, పొయ్యి చుట్టూ ఎండుటాకులు గీకి నేల బయటపెట్టడం, వీటన్నిట్లో ఈ భంగిమకి సాటి లేదు. నిటారుగా పెట్టి పెళ్ళ లేపుతున్నప్పటిలా కీలు వెనక్కి విరగబడదు, లాగినప్పుడు భారం చాలావరకు వెనకనున్న ఆనుడు మీద పడుతుంది. మడత వల్ల దక్కిన అదనపు గుణం అని ఇందాక అన్నది దీన్నే. జాబితాలో పద్దెనిమిది పనులుంటే అందులో నిజమైన రెండో పని ఇదొక్కటే.

"ప్రాణాపాయంలో చేతిలో ఏదో ఒకటి ఉండటం మేలు కదా" అని అడిగేవాళ్ళుంటారు. మంచి ప్రశ్నే. కానీ దారి తప్పినవాడికి కావలసినవి వరసగా చూడండి. ఒంటికి చలీ ఎండా తగలకుండా చాటు, నీళ్ళు, నిప్పు, తనెక్కడున్నాడో పదిమందికీ తెలియజేసే దారి. ఇందులో గొయ్యి ఎక్కడ? తవ్వకమంటే చెమట. ఎండలో కష్టమైన పని చేస్తే గంటకి లీటరు దాకా నీరు ఒంట్లోంచి పోగలదు. 1965లో జాక్సన్, వాన్ బావెల్ అనే శాస్త్రవేత్తలు ఎడారిలో గొయ్యి తవ్వి పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, ఆవిరిని నీటిబొట్లుగా పట్టుకునే పద్ధతిని వివరించారు. అప్పట్నించీ ఆ బొమ్మ లేని అడవి బతుకు పాఠం లేదు. పద్ధతి పనిచేస్తుంది, శాస్త్రం సరైనదే. పొడి నేలలో రోజంతా కాచుకుంటే లీటరు కంటే తక్కువే రావచ్చు. గొయ్యి తవ్వినందుకు ఖర్చయిన చెమట లెక్కేస్తే, ఊరికే నీడలో కూర్చున్నవాడే లాభంలో ఉంటాడు.

మంచులో సంగతి ఇంకా తేలిక. కొండ మీంచి విరిగిపడిన మంచు కింద ఎవరైనా కూరుకుపోతే నిమిషాల్లో ఎంత మంచు ఎత్తామన్నదే లెక్క. దానికి వెడల్పాటి అల్యూమినియం రేకు, సాగే పిడి ఉన్న పారలు వేరే ఉన్నాయి. ఈ చిన్న ఉక్కు రేకుతో అక్కడికి వెళ్ళకూడదు.

నడక ప్రయాణాల్లో నిజంగా తవ్వాల్సి వచ్చేది రోజుకొక్కసారి, మలవిసర్జనకి. నీటి వనరులకి 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట. దానికి వంద గ్రాముల లోపు చిన్న తాపీలాంటిది సరిపోతుంది. దానికి తోడు మొరాయించని ఒక మడత రంపం, ఒంటిముక్కగా చేసిన ఒక కత్తి. మూడూ కలిపి అరకిలో చుట్టుపక్కల తేలతాయి. మడత పార ఒక్కటే దానికి రెట్టింపు, పనుల జాబితా పెరిగిన కొద్దీ ఇంకా ఎక్కువ. మిగిలిన బరువుకి నీళ్ళు మోసుకెళ్ళచ్చు.

మరి మడత పార ఎవరికి? బండి ఉన్నవాళ్ళకి. ఇసుకలోనో బురదలోనో చక్రం కూరుకుపోయినప్పుడు, బండి కింద ఇరుకులో, పడుకునో ఒరిగో చక్రం ముందరి మట్టి లాగాల్సి వస్తుంది. ఆ భంగిమ లిన్నెమన్ ఊహించిన సిపాయి భంగిమే, ఇక్కడ పొడుగు పిడి పనికిరాదు. బరువు బండి మోస్తుంది. ఒకేచోట రెండు మూడు రోజులుండే శిబిరానికీ బాగుంటుంది. వీపు మీద అన్నీ మోసుకుంటూ నడిచేవాళ్ళకి మాత్రం నేను చెప్పను.

కొనేవాళ్ళు మూడు సంగతులు చూడండి. పారని తెరిచి, నట్టు బిగించి, రేకుని ఒక చేత్తో పిడిని ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. కొత్తదానిలోనే టకటకమని ఆడితే ఆ కీలు నిలవదు. కీలు దగ్గర రంగు కింద అచ్చు పోసిన గీత కనిపిస్తే, అది పోత లోహమని గుర్తు, వదిలెయ్యండి. రేకు పైఅంచు కాలు ఆనేలా వెనక్కి మడిచి ఉందో లేదో చూడండి. పొట్టి పార అయినా అప్పుడప్పుడూ మడమతో నొక్కక తప్పదు, మడవని రేకు చెప్పుని కోసేస్తుంది. ఇంటికి తెచ్చాక ఒక పక్క అంచు మాత్రమే ఆకురాయితో పట్టండి, వేర్లు తెగడానికి అది చాలు. రెండో పక్క మొండిగానే ఉండనివ్వండి. తవ్విన ప్రతిసారీ నట్టు పూర్తిగా విప్పి, థ్రెడ్లు పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో దులిపి, రెండు చుక్కల నూనె వెయ్యండి. తడిగా ఉన్నప్పుడు మాత్రం నూనె వద్దు, లోపల మిగిలిన ఇసుకని పట్టుకుని ముద్దలా చేస్తుంది. ముందు ఎండనివ్వాలి.